మేలుకొలుపు చీటీ

కంప్యూటరు మీట నొక్కగానే తెర మీద కొద్దిసేపు చీకటిగా ఉంటుంది. తరవాత ఏవో అక్షరాలో, బొమ్మో కనిపిస్తాయి. ఆ కాస్త వ్యవధిలో లోపల ఎంత హడావుడి జరుగుతుందో మనకు తెలియదు. ఆ హడావుడిలో ఒక చిన్న చీటీ చేతులు మారుతుంది. చీటీలో ఉన్న అంకెను తప్పుగా చదివితే, క్షణంలో కోట్ల లెక్కలు చేయగల యంత్రం కూడా మంచం దిగలేని రోగిలాగా పడి ఉంటుంది. ఆ చీటీ సంగతీ, దాన్ని సరిగా చదవటానికి చేసిన ఏర్పాటు సంగతీ ఈ నెల చెప్పుకుందాం.

ఇంటి పెద్ద

మీట నొక్కగానే అందరికన్నా ముందు మేలుకొనేది, యంత్రంలోని చిప్పులో నిలవ ఉండే ఒక చిన్న ప్రోగ్రాము. అవయవాలన్నీ సరిగా ఉన్నవో లేవో అది ఒకసారి తడిమి చూసి, బూట్‌లోడరు అనే మరొక ప్రోగ్రామును లేపుతుంది. బూట్‌లోడరు వెళ్ళి అసలు పెద్దను లేపుతుంది. ఆ పెద్ద పేరు కెర్నెలు. ఇంగ్లీషులో ఈ మాటకు గింజ లోపలి పప్పు అని అర్థం. మనం చూసే బొమ్మలూ, ఆటలూ, ఉత్తరాలూ అన్నీ పైతొక్క. లోపల దాగి ఉండి అన్నిటినీ నడిపించేది ఈ పప్పు.

ఉమ్మడి కుటుంబంలో ఇంటి పెద్ద ఏం చేస్తాడు? ఎవరికి ఏ గది ఇవ్వాలో, ఎవరు ఏ పని ముందు చేయాలో, ధాన్యం గాదెలోనుంచి ఎవరికి ఎంత కొలవాలో నిర్ణయిస్తాడు. కెర్నెలు చేసేదీ అదే. జ్ఞాపకశక్తిలో ఏ ప్రోగ్రాముకు ఎంత చోటు ఇవ్వాలి, ప్రాసెసరు మీద ఎవరి వంతు ఎప్పుడు రావాలి అనేది దాని చేతిలోనే ఉన్నది.

ఇటువంటి కెర్నెళ్ళలో పేరెన్నిక గన్నది లినక్సు. 1991లో ఫిన్లండు దేశంలోని హెల్సింకీ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న లైనస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ళ విద్యార్థి దీన్ని రాయటం మొదలుపెట్టాడు. తరవాత ఎన్నో దేశాలవాళ్ళు వచ్చి చేయి కలిపారు. ఆండ్రాయిడు ఫోన్లలో ఉన్నది ఈ కెర్నెలే. ప్రపంచంలో అత్యంత వేగం గల 500 కంప్యూటర్ల జాబితా 2017 నవంబరులో వెలువడినప్పుడు, ఆ 500కు 500 యంత్రాలూ లినక్సుతోనే నడుస్తున్నవి. మీ నాన్నగారి జేబులోని ఫోనూ, వాతావరణాన్ని లెక్కకట్టే మహాయంత్రమూ పొద్దున్నే ఒకే తీరున మేలుకొంటున్నాయన్నమాట!

చీటీలో ఏమి ఉంటుంది?

బూట్‌లోడరు కెర్నెలును లేపి ఊరుకోదు. "ఇదుగో, ఈ రోజు నడుచుకోవలసిన తీరు" అన్నట్టు ఒక చీటీ చేతిలో పెడుతుంది. అది ఒకే ఒక పంక్తి. అసలు చీటీలో అంతా ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటుంది. మనం మాత్రం తెలుగులో రాసుకుందాం.

"మెమ్=512ఎమ్" అని ఉంటే, "జ్ఞాపకశక్తిలో 512 మెగాబైట్లు మాత్రమే వాడుకో, మిగిలినదాని జోలికి పోకు" అని అర్థం. "పానిక్=10" అంటే, "ఇక ఎటూ పాలుపోని ఆపద వచ్చిపడితే, 10 సెకన్లు ఆగి యంత్రాన్ని మళ్ళీ మొదటినుంచి లేపు" అని. "మాక్స్‌సిపియూస్=8" అంటే, "లేచేటప్పుడు 8 ప్రాసెసర్లకు మించి పనిలోకి తీసుకోకు" అని.

మామూలుగా ఈ చీటీ ముందే రాసి ఉంటుంది. యంత్రాలను కనిపెట్టుకుని ఉండే ఇంజనీర్లు అవసరం వచ్చినప్పుడు అందులో ఒక మాట చేరుస్తారు. ఆ చీటీ డిస్కు మీద భద్రంగా ఉంటుంది గనక, అందులో పొరపాటు దొర్లితే అది ఒక్కనాటితో పోదు. యంత్రాన్ని లేపినప్పుడల్లా అదే పొరపాటు మళ్ళీ మళ్ళీ జరుగుతుంది.

గీతలు వేరు, సంఖ్య వేరు

"512 అని రాసి ఉంటే 512 అని చదవటానికి అంత కష్టమేమిటి?" అని మీరు అడగవచ్చు. కష్టం లేకపోలేదు. చీటీ మీద ఉన్నది సంఖ్య కాదు, మూడు గుర్తులు మాత్రమే. కంప్యూటరులో ప్రతి గుర్తుకూ ఒక నంబరు ఉన్నది. 0 అనే గుర్తు నంబరు 48, 1 అనే గుర్తుది 49, ఇట్లా వరసగా 9 గుర్తుది 57. కనక 512 అని రాసినప్పుడు కెర్నెలుకు కనిపించేది 53, 49, 50 అనే మూడు నంబర్లు.

వీటినుంచి సంఖ్యను రాబట్టే పద్ధతి చూడండి. ఒక్కొక్క నంబరునుంచీ 48 తీసివేస్తే 5, 1, 2 మిగులుతాయి. ముందు చేతిలో 0 ఉన్నదనుకోండి. చేతిలో ఉన్నదాన్ని 10తో హెచ్చించి, కొత్త అంకెను కలపాలి. మొదట 0ను 10తో హెచ్చించి 5 కలిపితే 5. దాన్ని 10తో హెచ్చించి 1 కలిపితే 51. మళ్ళీ 10తో హెచ్చించి 2 కలిపితే 512. సంఖ్య వచ్చేసింది! చివర ఉన్న ఎమ్ అక్షరాన్ని బట్టి దీన్ని రెండుసార్లు 1024తో హెచ్చించాలి. అప్పుడు 53,68,70,912 బైట్లు అవుతాయి.

కెర్నెలు ఈ పనంతా స్వయంగా చేసుకోవలసిందే. మామూలు ప్రోగ్రాములకు ఇటువంటి చిల్లరపనులు చేసిపెట్టే సహాయకులు వేరే ఉంటారు. కాని, కెర్నెలు లేచే వేళకు వాళ్ళెవరూ ఇంకా లేవరు. ఇంట్లో అందరికన్నా ముందు లేచేవాడు తన కాఫీ తానే కలుపుకోవాలి గదా!

పాత గుమాస్తా

కెర్నెలు తన లోపల ఈ పనికి ఒక చిన్న ప్రోగ్రామును పెట్టుకున్నది. దాన్ని మనం పాత గుమాస్తా అందాం. ఈ గుమాస్తా చురుకైనవాడే గాని, ఒక చెడ్డ అలవాటు ఉన్నది. చదువుతూ చదువుతూ తనకు తెలియని గుర్తు ఎదురైతే అక్కడ ఆగిపోతాడు. ఆగిపోయినట్టు ఎవరికీ చెప్పడు. అప్పటిదాకా చేతిలో ఉన్నదాన్నే జవాబుగా ఇచ్చేస్తాడు.

ఒక ఇంజనీరు ఒకటిన్నర గిగాబైట్లు అనే ఉద్దేశంతో "మెమ్=1.5జి" అని రాశాడనుకోండి. గుమాస్తా 1 చదివాడు. తరవాత చుక్క వచ్చింది. చుక్క అంకె కాదు గనక ఆగిపోయాడు. జి అనే అక్షరం దాకా పోనేలేదు. "ఒకటి" అని చెప్పాడు. ఒకటి ఏమిటి? ఒక్క బైటు! ఒక్క బైటులో ఒక్క అక్షరం పడుతుంది. కెర్నెలు కాపురం చేయటానికి ఆ చోటు చాలుతుందా?

వేలు రాసేటప్పుడు కామా పెట్టే అలవాటు మనకున్నది. "మెమ్=1,024ఎమ్" అని రాసినా ఇదే గతి. కామా దగ్గర ఆగి, మళ్ళీ ఒక్క బైటే అంటాడు.

అసలు అంకెలే లేకుండా వట్టి అక్షరాలు రాస్తే? 0 అంటాడు. ఇది మరీ చిక్కు. జవాబు 0 అని వచ్చినప్పుడు, చీటీలో నిజంగా సున్నా రాసి ఉన్నదా, లేక గుమాస్తాకు చదవటం చేతకాలేదా అనేది తెలుసుకునే దారి లేదు. మనం వాడే పీసీ తరహా యంత్రాల్లో, "మెమ్" మాటకు జవాబు 0 వస్తే దాన్ని తోసిపుచ్చే చిన్న తనిఖీని కెర్నెలు రాసేవాళ్ళు తరవాత చేర్చారు. పిచ్చి గీతలు చూసి యంత్రం తనకున్న జ్ఞాపకశక్తినంతా పారేసుకోకూడదని వారి భయం. కాని ఆ తనిఖీకి దొరికేది 0 మాత్రమే, 1 దొరకదు.

సున్నా చేసిన మోసం

ఎడమవైపు సున్నాకు విలువ లేదని మీకు బడిలో చెప్పే ఉంటారు. 10 అన్నా 010 అన్నా మనకు పదే. కాని కంప్యూటరు లోకంలో ఒక పాత ఆచారం ఉన్నది. సంఖ్య మొదట్లో సున్నా ఉంటే, దాన్ని పదుల లెక్కన గాక ఎనిమిదుల లెక్కన చదవాలి!

దీనికీ ఒక చరిత్ర ఉన్నది. 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో యూనిక్సు అనే వ్యవస్థ పుట్టింది. అది పుట్టిన యంత్రం పేరు పిడిపి-7. దాని ఒక్కొక్క మాటలో 18 బిట్లు ఉండేవి. మూడేసి బిట్లను ఒక కట్ట కడితే, ఒక్కొక్క కట్టా 0 నుంచి 7 దాకా ఒక అంకె అవుతుంది. పద్దెనిమిదిని మూడుతో భాగిస్తే శేషం లేకుండా ఆరు కట్టలు వస్తాయి. అందుచేత ఆనాటివాళ్ళకు ఎనిమిదుల లెక్క ఎంతో వాటంగా ఉండేది. సంఖ్యకు ముందు 0 పెడితే ఎనిమిదుల లెక్క అనే సంకేతం అక్కడి బి భాషలోనుంచి సి భాషకు వచ్చింది. లినక్సును రాసినది ముఖ్యంగా సి భాషలోనే గనక, ఆ ఆచారం ఇక్కడికీ వచ్చింది.

పదుల లెక్కలో స్థానాలు ఒకట్లు, పదులు, వందలు. ఎనిమిదుల లెక్కలో ఒకట్లు, ఎనిమిదులు, అరవైనాలుగులు. ఇప్పుడు ఒకరు అందంగా ఉంటుందని "మెమ్=0512ఎమ్" అని రాశారనుకోండి. గుమాస్తా ఏమని చదువుతాడు? 5 అరవైనాలుగులు 320, ఒక ఎనిమిది 8, ఒకట్లు 2. మొత్తం 330. అడిగినది 512, దక్కినది 330. యంత్రం లేస్తుంది గాని నత్తనడక నడుస్తుంది. ఎందుకు నడుస్తున్నదో ఎవరికీ అంతుబట్టదు. పూర్తిగా పడిపోయిన యంత్రం కన్న ఇట్లా కుంటుతూ నడిచేది మరీ ప్రమాదం. పడిపోతే వెంటనే వైద్యుడు వస్తాడు. కుంటుతుంటే ఎవరూ పట్టించుకోరు.

ఇంతకన్న తమాషా ఒకటి ఉన్నది. "మాక్స్‌సిపియూస్=08" అని రాస్తే ఏమవుతుంది? ముందు సున్నా ఉన్నది గనక గుమాస్తా ఎనిమిదుల లెక్కకు సిద్ధమవుతాడు. ఆ లెక్కలో 8 అనే అంకే లేదు. తెలియని గుర్తు వచ్చిందని ఆగిపోతాడు. చేతిలో ఉన్నది 0. ఈ ఆజ్ఞలో సున్నాకు వేరే అర్థం ఉన్నది: "ఒక్క ప్రాసెసరుతోనే సరిపెట్టుకో" అని. ఎనిమిదిమంది పనివాళ్ళు ఉండి, ఏడుగురు ముసుగుతన్ని పడుకుంటారు. ఒక్కడే చెమటోడుస్తాడు!

మీటరు తిరిగిపోతే

స్కూటరు మీద వెళ్ళిన దూరం చూపే చక్రాల మీటరును మీరు చూసే ఉంటారు. అయిదు చక్రాలుంటే 99999 తరవాత ఏమొస్తుంది? 00000 వస్తుంది. అంతదూరం తిరిగిన బండి కొత్తబండిలాగా కనిపిస్తుంది. కంప్యూటరులో సంఖ్యకు ఇచ్చే పెట్టె కూడా అటువంటిదే. 64 బిట్ల పెట్టెలో పట్టే అతి పెద్ద సంఖ్య 1,84,46,74,40,73,70,95,51,615. దానికి ఒకటి కలిపితే సున్నా.

చీటీలో కె, ఎమ్, జి, టి, పి, ఇ అనే ఆరు అక్షరాలను సంఖ్య చివర రాయవచ్చు. ఒక్కొక్కటీ ముందుదానికి 1024 రెట్లు. "మెమ్=16ఇ" అని రాస్తే, ఆ హెచ్చవేత ఫలితం పెట్టెలో పట్టేదానికన్న సరిగ్గా ఒకటి ఎక్కువ. చక్రాలు గిర్రున తిరిగి సున్నా అవుతుంది. అంతకన్న ఇంకా పెద్దది "17ఇ" అని రాస్తే ఏమవుతుందో తెలుసా? 1ఇ అవుతుంది. పాత గుమాస్తా దీన్నీ గమనించడు.

"అంత పెద్ద సంఖ్య రాసేదెవరు?" అనుకోవచ్చు. వేలు జారి రాయవచ్చు, కావాలని చెరుపు చేసేవాడు రాయవచ్చు. పైగా ఇదే గుమాస్తా చీటీ ఒక్కటే గాక, డిస్కుల కొలతల వంటివి కూడా చదివిపెడతాడు.

పట్టని సంఖ్యను పెట్టెలో కుక్కితే ఎంత నష్టం వస్తుందో 1996 జూన్ 4న లోకమంతా చూసింది. ఆ రోజు దక్షిణ అమెరికాలోని ఫ్రెంచి గయానాలో, కూరూ అనేచోటునుంచి ఏరియాన్-5 అనే రాకెట్టు మొదటిసారిగా బయలుదేరింది. సుమారు 40 సెకన్లకు దారి తప్పి, ముక్కలై, మంటల్లో పేలిపోయింది. అందులో ఉన్న నాలుగు క్లస్టరు ఉపగ్రహాలూ పోయినవి. మనుషులెవరూ అందులో లేకపోవటం అదృష్టం. కారణం విచారిస్తే, 64 బిట్ల పెట్టెలో ఉన్న ఒక సంఖ్యను 16 బిట్ల పెట్టెలోకి మార్చబోతే పట్టలేదని తేలింది. ఆ చిన్న పెట్టెలో 32,767 వరకే పడుతుంది. ఆ ప్రోగ్రాము అంతకు ముందటి ఏరియాన్-4 రాకెట్టులో చక్కగా పనిచేసినదే. కొత్త రాకెట్టు వేగం ఎక్కువ గనక సంఖ్య పెద్దదయింది. అది రాకెట్టు, ఇది చీటీ. కాని జబ్బు రెంటికీ ఒకే జాతిది.

కొత్త గుమాస్తా

2011లో లినక్సు కెర్నెలులో ఈ పనికి కొత్త ప్రోగ్రాములు చేరినవి. వీటిని కొత్త గుమాస్తా అందాం. ఇతనికి మూడు నియమాలు ఉన్నవి.

మొదటిది: రాసినదంతా మొదటినుంచి చివరిదాకా సంఖ్యే అయి ఉండాలి. చివర పంక్తి ముగిసిన గుర్తు ఒకటి ఉంటే సరే. మరే గుర్తు కనిపించినా, "ఇది సంఖ్య కాదు" అని చెప్పి తిప్పి పంపుతాడు.

రెండవది: సంఖ్య పెట్టెలో పట్టకపోతే, "ఇది హద్దు దాటింది" అని చెబుతాడు. కుక్కడు.

మూడవది అన్నిటికన్న ముఖ్యం. జవాబునూ, చదవగలిగిందీ లేనిదీ చెప్పే తీర్పునూ విడివిడిగా ఇస్తాడు. "చదివాను, జవాబు సున్నా" అనటం వేరు, "చదవలేకపోయాను" అనటం వేరు. పాత గుమాస్తా ఈ రెంటినీ కలిపేశాడు. చిక్కులన్నీ అందులోనుంచే వచ్చినవి.

హద్దు దాటుతుందని కొత్త గుమాస్తాకు ఎట్లా తెలుస్తుంది? దాటిన తరవాత చూస్తే లాభం లేదు, చక్రాలు అప్పటికే తిరిగిపోతాయి. అందుచేత హెచ్చించకముందే చూస్తాడు. 8 బిట్ల చిన్న పెట్టెను తీసుకుందాం. అందులో 255 దాకా పడుతుంది. "256" చదువుతున్నాడు. 25 దాకా అయింది, చేతిలో 25 ఉన్నది, రావలసిన అంకె 6. అప్పుడు 255లోనుంచి 6 తీసివేసి, వచ్చిన 249ని 10తో భాగిస్తాడు. 24 వస్తుంది, శేషాన్ని వదిలేస్తాడు. చేతిలో ఉన్న 25 దీనికన్న పెద్దది. ఇక హెచ్చించితే దాటిపోతుంది గనక తిరస్కరిస్తాడు. అదే "255" అయితే? 255లోనుంచి 5 పోగా 250, పదితో భాగిస్తే 25. చేతిలోని 25 దీనికన్న పెద్దది కాదు. కనక చల్లగా చదివేస్తాడు. ఏటి లోతు దిగకముందే కర్రతో చూసుకున్నట్టు!

సున్నా ఆచారాన్ని మాత్రం కొత్త గుమాస్తా రద్దు చేయలేదు. అయితే, పని చెప్పేవాడు "దీన్ని పదుల లెక్కనే చదువు" అని ముందుగా చెప్పవచ్చు. అప్పుడు 010 పదే అవుతుంది. లెక్క ఏదో చెప్పకుండా వదిలేస్తే 010 ఎనిమిదే. కాని 08 వంటిది వస్తే మునుపటిలాగా సున్నా అని నసగడు, చెల్లదని చెప్పేస్తాడు.

మార్చటం అంత తేలికా?

మరి పాత గుమాస్తాను ఒక్కరోజులో ఇంటికి పంపివేయరాదా? కుదరదు. "12:21" అన్నట్టు రెండు సంఖ్యలు కలిసి ఉన్న మాటలు కొన్ని ఉంటాయి. అక్కడ మొదటి సంఖ్య చదివి మధ్య గుర్తు దగ్గర ఆగటమే కావాలి. అటువంటి పనికి పాత గుమాస్తా అలవాటే ఉపయోగం.

మరొక చిక్కు ఉన్నది. ఎక్కడో ఒక చీటీలో సంఖ్య వెనక పనికిరాని అక్షరం ఒకటి ఏళ్ళ తరబడి ఉన్నదనుకోండి. పాత గుమాస్తా దాన్ని చూడకుండా వదిలేశాడు, యంత్రం రోజూ చక్కగా లేస్తున్నది. కొత్త గుమాస్తా వచ్చిన మర్నాడు "ఇది చెల్లదు" అంటే? నిన్నటిదాకా బాగా ఉన్న ఏర్పాటు నేడు చెడిపోయినట్టే. వాడుకునేవారికి నిన్న పనిచేసినది నేడు చెడిపోకూడదని టోర్వాల్డ్స్ గట్టి పట్టుదల. కనక, మార్చేవాళ్ళు ఒక్కొక్క మాటనూ విడిగా తీసుకుని, దాన్ని ఎవరు ఎట్లా రాస్తున్నారో ఆలోచించి మారుస్తారు. మార్పు నాలుగు పంక్తులే ఉండవచ్చు. ఆలోచన నాలుగు రోజులది.

మార్చిన తరవాత పరీక్ష ఉన్నది. నిజమైన యంత్రాన్ని పాడుచేయకుండా, క్యూఎము అనే ప్రోగ్రాముతో లేని కంప్యూటరును ఉన్నట్టు నటింపజేసి, దానికి రకరకాల చీటీలు ఇచ్చి చూడవచ్చు. ఇంతేగాక, కెర్నెలులోనే కొత్త గుమాస్తాకు ఒక ప్రశ్నపత్రం ఉన్నది. ఒప్పుకోవలసినవి ఒక పట్టీ, తిప్పి పంపవలసినవి ఒక పట్టీ. పైన చెప్పిన అతి పెద్ద సంఖ్య మొదటి పట్టీలో ఉన్నది. దానికి సరిగ్గా ఒకటి ఎక్కువైనది రెండవ పట్టీలో ఉన్నది. గుమాస్తా సామర్థ్యం తెలిసేది ఆ గట్టు మీదనే. నడిదారిలో ఎవరైనా నడవగలరు.

చీటీ తప్పు రాసి యంత్రం లేవకపోతే భయపడనక్కరలేదు. గ్రబ్ అనే బూట్‌లోడరులో, మేలుకొలుపు వేళ ఇ అనే మీట నొక్కితే చీటీ తెర మీదికి వస్తుంది. ఆ ఒక్కసారికి దిద్ది యంత్రాన్ని లేపుకోవచ్చు. లేచిన తరవాత అసలు చీటీని దిద్దుకోవచ్చు. కాని, యంత్రం వందల మైళ్ళ దూరంలో, మనిషి లేని గదిలో ఉంటే ఆ మీట నొక్కేదెవరు? అందుకే గుమాస్తా సరైనవాడై ఉండాలి.

తెలియనిదాన్ని తెలిసినట్టు నటించి సున్నా అని చెప్పటం కన్న, "నాకు అర్థం కాలేదు" అని నిజం చెప్పటమే మేలు. అది గుమాస్తాకే గాదు, బడికి వెళ్ళే పిల్లలకు కూడా వర్తిస్తుంది.

మీరు చేసి చూడండి

1. ఎనిమిదుల లెక్కలో 0100 ఎంత?

2. "మెమ్=0777ఎమ్" అని రాస్తే పాత గుమాస్తా ఎన్ని మెగాబైట్లు అంటాడు?

3. 16 బిట్ల పెట్టెలో 65,535 దాకా పడుతుంది. కొత్త గుమాస్తా "65536" చదువుతూ, చివరి అంకె దగ్గర ఏ లెక్క చేసి తిరస్కరిస్తాడు?

జవాబులు: 1. అరవైనాలుగు. 2. 511. 3. 65,535లోనుంచి 6 తీసివేసి 10తో భాగిస్తే 6,552 వస్తుంది. చేతిలో ఉన్న 6,553 దానికన్న పెద్దది గనక తిరస్కరిస్తాడు.